గణాంక, ఆర్థిక నమూనాల పరిశోధన కేంద్రంలో పని ఎలా పంచుకోవాలి?

మాస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. కోనసీమలో మీ డిగ్రీ కాలేజీకి గ్రాంటు మంజూరైంది. గణాంకాలు, ఆర్థిక నమూనాల మీద చిన్న పరిశోధన కేంద్రం పెడుతున్నారు. అందరూ కలిపి ఆరుగురు. టైమ్ సిరీస్‌కి (ఏళ్ల వారీ, నెలల వారీ అంకెల వరసల విశ్లేషణ) ఒక విభాగం, ఎకనామెట్రిక్స్‌కి (ఆర్థిక సంబంధాలను గణాంకాలతో కొలవడం) ఒకటి, మెషిన్ లెర్నింగ్‌కి (డేటా నుంచి కంప్యూటరే నేర్చుకునే పద్ధతులు) ఒకటి పెడదామనుకుంటున్నారు. పేరున్న కేంద్రాల్లో పని ఎలా నడుస్తుంది, మనం కూడా అలాగే చేయొచ్చా అని అడిగారు.

నా జవాబు: ఆరుగురితో పద్ధతుల పేరు మీద విభాగాలు పెట్టకండి. ఏడాదికి ఒకటో రెండో ప్రశ్నలు పెట్టుకుని, ఆరుగురూ వాటి మీదే పనిచేయండి. డేటా మాత్రం ఒక్క మనిషి పూచీ మీద ఉండాలి. ముందు ఆ పోస్టు నింపండి, మోడల్ వేసేవాళ్లు తర్వాతైనా దొరుకుతారు. నేను ఈ రంగంలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరి, చివరికి ఇలాంటి ఒక కేంద్రంలో పనులు పంచే కుర్చీలో కూర్చున్నాను. ఇప్పుడు కాకినాడలో ఉంటూ అడిగినవాళ్లకి సలహాలు చెబుతున్నాను. కాబట్టి ఇందులో కొంత నా సొంత పక్షపాతం ఉంటుంది, చూసుకుని చదవండి.

పెద్ద కేంద్రాల సంగతి ముందు చూద్దాం. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ నడిపిన స్టాటిస్టికల్ లేబరేటరీలోంచి 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు గారు ఎదిగింది అక్కడే. అక్కడ సిద్ధాంత గణాంకాలకు, ఆర్థిక శాస్త్రానికి వేర్వేరు యూనిట్లు ఉన్నాయి. వాళ్లు డిగ్రీలు ఇస్తారు, పీహెచ్‌డీలు చేయిస్తారు, మనుషులకు కొదవ లేదు. వాళ్ల విభాగాలు చూసి మీరు బోర్డులు రాయించుకుంటే ఒక్కో బోర్డు కింద ఇద్దరేసి మిగులుతారు. ఆ ఇద్దరికీ పక్క గదిలో ఏం జరుగుతోందో తెలియదు.

మీకు పనికొచ్చే ఉదాహరణ జాతీయ నమూనా సర్వే. 1950లో మొదలైంది. ఎవరికి ఏ పద్ధతి వచ్చు అని కాకుండా పని ఏ దశలో ఉంది అన్నదాన్ని బట్టి దాన్ని విడగొట్టారు. నమూనా గీసి (అంటే సర్వేకి ఊళ్లు, ఇళ్లు ఎంచి) ప్రశ్నావళి రాసేవాళ్లు ఒక విభాగం. ఊళ్లు తిరిగి సమాచారం తెచ్చేవాళ్లు ఇంకొకటి. వచ్చినదాన్ని సరిచూసి పట్టికలు కట్టేవాళ్లు వేరే. అందరినీ సమన్వయం చేసేవాళ్లు ఇంకా వేరే. తెచ్చినవాడే సరిచూడడు, సరిచూసినవాడే తీర్మానం రాయడు. ఇన్నేళ్లు దాని లెక్కలకు ఒక విలువ నిలబడిందంటే ఆ విడదీతకు అందులో పెద్ద పాత్ర ఉందని నా అభిప్రాయం.

ఆర్థిక నమూనాల (మోడళ్ల) వైపు నెదర్లాండ్స్ ప్రణాళికా సంస్థ ఇంకో రకం. 1945లో పెట్టారు, ఆర్థికవేత్త టిన్‌బర్గెన్ మొదటి డైరెక్టర్. అక్కడ ఆర్థిక నమూనా సంస్థ మొత్తానికి ఉమ్మడి ఆస్తి. దాన్ని నిర్వహించే బృందం ఉంటుంది, బడ్జెట్ గురించో పింఛన్ల గురించో ప్రశ్నలు వచ్చినప్పుడు మిగతావాళ్లు దాన్నే వాడతారు. ఎవరి నమూనా వాళ్ల ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, వాళ్లు ఉద్యోగం మారగానే అదీ వాళ్లతో వెళ్లిపోవడం అక్కడ కుదరదు. మన దగ్గర జరిగేది ఎక్కువగా అదే.

ఇంకా దగ్గరగా కావాలంటే ఆంధ్రా యూనివర్సిటీలోనే అగ్రో ఎకనామిక్ రీసెర్చ్ సెంటర్ ఉంది. కేంద్ర వ్యవసాయ శాఖ ఇచ్చే అంశాల మీద అధ్యయనాలు చేస్తుంది. ఒక అంశం, ఒక అధ్యయనం, ఒక నివేదిక. విశాఖ వెళ్లినప్పుడు ఒక పూట వాళ్లతో కూర్చుని రండి.

ఇక అసలు సంగతి, డేటా చూసే మనిషి. ఈ పోస్టుకు చాలామంది కంప్యూటర్ ఆపరేటర్‌ను పెడతారు. వద్దు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివి, జిల్లా రికార్డుల మీద ఆసక్తి ఉండి, కొంచెం మొండితనం ఉన్న మనిషి కావాలి. ఎందుకో మన జిల్లాల లెక్కతోనే చెప్తాను.

తూర్పు గోదావరి వరి విస్తీర్ణం ఒక ఇరవై ఏళ్లది తీసి గ్రాఫ్ గీయండి. 2022 దగ్గర గీత ధభీమని పడిపోతుంది. ఏమీ తెలియని కుర్రాడు వరి సాగు కుప్పకూలిందని రాసేస్తాడు. కూలింది జిల్లా. 2022 ఏప్రిల్ 4న పాత తూర్పు గోదావరిలోంచి కాకినాడ, కోనసీమ జిల్లాలు విడిపోయాయి, రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న ముక్కకి పాత పేరు మిగిలింది. పశ్చిమ గోదావరి పేరు భీమవరం వైపు వెళ్లింది, ఏలూరు వేరే జిల్లా అయింది. దానికి ముందు 2014లో ఖమ్మం నుంచి కూనవరం, చింతూరు లాంటి పోలవరం ముంపు మండలాలు మన లెక్కలో చేరాయి. 2022లో ఆ రెండూ అల్లూరి జిల్లాకి పోయాయి. అంటే ఒకే పేరు మీద మూడు వేర్వేరు భూభాగాలు. డెల్టా చూస్తే దానిదింకో గొడవ. తూర్పు డెల్టా ఆయకట్టు ఇప్పుడు కాకినాడ, తూర్పు గోదావరి, కోనసీమ మూడింటిలోనూ పడింది.

డేటా మనిషి మొదటి నెలల్లో చేయాల్సింది దీన్ని సరిచేయడమే. మండలాన్ని పునాదిగా పెట్టుకోండి. ఏ మండలం ఏ ఏడాది ఏ జిల్లాలో ఉంది, ఏ కాలువ కింద ఉంది అని ఒక పట్టిక కట్టండి. జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం వేసే గణాంక హ్యాండ్‌బుక్కుల్లో చాలావాటికి మండలాల వారీ అంకెలు ఉంటాయి. పాత సంచికలు మీ కాలేజీ లైబ్రరీలోనే దుమ్ము పట్టి ఉండొచ్చు, చూడండి. ఆ పట్టిక ఒకసారి కుదిరిందంటే తర్వాత వచ్చిన ప్రతి అధ్యయనానికీ అదే ఆధారం. మోడల్ రాయడానికి వారం పడుతుంది, ఇది ఒక సీజన్ మింగేస్తుంది. అయినా ఏ సెమినార్‌లోనూ దీనికి చప్పట్లు కొట్టరు. అందుకే ఎవరూ చేయరు.

క్యాలెండర్ల గొడవ కూడా ఆయన నెత్తి మీదే. వ్యవసాయ సంవత్సరం జూలై నుంచి జూన్. ప్రభుత్వ ఖాతాలు ఏప్రిల్ నుంచి మార్చి. ధాన్యం కొనుగోళ్ల సీజన్ అక్టోబరు నుంచి సెప్టెంబరు. దాళ్వా (రబీ) పంట ఏప్రిల్‌లో కోతకొస్తుంది కాబట్టి సాగు ఒక ఆర్థిక సంవత్సరంలో, అమ్మకం ఇంకో దాంట్లో. 2023 అని ఒక్క కాలమ్ పెట్టి మూడు శాఖల నుంచి వచ్చిన అంకెలు పక్కపక్కన అతికించిన పేపర్లు నేను చాలా చూశాను. కోరిలేషన్లు (అంకెల మధ్య పొంతనలు) బ్రహ్మాండంగా ఉంటాయి, అర్థం మాత్రం ఉండదు.

ఇంకో పుస్తకం కూడా ఆయన రాయాలి. దాన్ని మేం సంఘటనల రిజిస్టరు అనేవాళ్లం. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను, 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతుల పంట విరామం, 2022 జూలై వరద, ఇలా తేదీ, దెబ్బతిన్న మండలాలు, ఏ అంకె మీద ప్రభావం పడింది అన్నది ఒక్కో లైను. ధరకు విస్తీర్ణం ఎలా స్పందిస్తుందో చెప్పే మోడల్లో 2011ని మామూలు ఏడాదిలా వేస్తే రైతు ధర చూసి మానేశాడని లెక్క వస్తుంది. ఆ ఏడాది జరిగింది నిరసన. పెట్టుబడి, కూలీలు, మురుగు కాలువలు, మద్దతు ధర, అన్నీ కలిసి వచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసేదాకా వెళ్లింది. సమీకరణం దానంతట అది ఇది కనిపెట్టలేదు, ఎవరో రాసిపెట్టి ఉంచాలి.

ఫీల్డ్ పనిని తక్కువ చేయకండి. మీకున్న బలం ఇదే. ఢిల్లీ కేంద్రానికి లేనిది మీకున్నది ఏమిటంటే, పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నానికి కాలువ చివరి శివారు భూముల్లో ఉండొచ్చు. ప్రశ్నలు ఎలా అడగాలో తెలియకపోతే ఆ బలం దండగ.

ఉదాహరణకు దిగుబడి. "ఎంత పండిందండీ ఎకరానికి?" అని అడిగితే కౌలు రైతు తరచుగా కౌలు పోగా తనకు మిగిలిన బస్తాలు చెబుతాడు. సొంత రైతు మొత్తం చెబుతాడు. ఇద్దరి అంకెలూ ఒకే కాలమ్‌లో వేస్తే కౌలు రైతుకు వ్యవసాయం చేతకాదని తేలుతుంది! బస్తా అంటే ఇక్కడ 75 కిలోలు అనుకుంటాం, కానీ కోత మిషన్ దిగిన వెంటనే తూచిన పచ్చి ధాన్యమా, ఆరబెట్టాక తూచిందా అనేది అడగాలి. కొనుగోలు కేంద్రంలో తేమ పరిమితి 17 శాతం. కళ్లంలో అంత తక్కువ ఉండడం అరుదు. కాబట్టి మా ప్రశ్నావళిలో ఒక ప్రశ్న నాలుగయ్యేది: మొత్తం ఎన్ని బస్తాలు, తడివా పొడివా, కౌలు కింద ఎన్ని ఇచ్చారు, తిండికి విత్తనానికి ఎన్ని ఉంచుకున్నారు.

కౌలు విషయంలో ఇంకో మాట. డెల్టాలో కౌలు ఎక్కువ భాగం నోటిమాట మీద నడుస్తుంది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చి కార్డులు ఇస్తున్నా, యజమాని సంతకం కావాలి కాబట్టి చాలామంది అందులో ఉండరు. రికార్డులోంచి జాబితా తీసి నమూనా గీస్తే మీకు తగిలేది హైదరాబాద్‌లో ఉంటున్న యజమాని. చేలో ఉన్న మనిషిని పట్టుకోవాలంటే ఊళ్లో ఇంటింటికీ తిరిగి జాబితా మీరే కట్టుకోవాలి. ఖర్చు రెట్టింపవుతుంది. తప్పదు.

ధరలకు వస్తే అంబాజీపేట మార్కెట్ తీసుకోండి. రేట్ల పట్టికలో కొత్త కొబ్బరి క్వింటాలుకి ఉంటుంది. కురిడీ (కాయలోనే ఎండిన కొబ్బరి) వెయ్యి కాయలకి, అందులో గండేరా రకం వేరు, గటగట రకం వేరు. నీటికాయ పాతది ఒక రేటు, కొత్తది ఒక రేటు, అదీ వెయ్యికే. ఇవన్నీ కలిపి సగటు తీసి "కొబ్బరి ధర" అని పేరు పెట్టిన సిరీస్ మీద ఎంత గొప్ప మోడల్ వేసినా ఫలితం శూన్యం. రొయ్యలు కూడా అంతే. 100 కౌంట్ అంటే కిలోకి వంద, 30 కౌంట్ అంటే కిలోకి ముప్పై, పెద్ద రొయ్య, పెద్ద ధర. ధర తగ్గుతుందన్న భయంతో రైతులు ముందుగానే పట్టుబడి చేస్తే మార్కెట్లోకి చిన్న రొయ్యలే, అంటే పెద్ద అంకె కౌంట్లే వస్తాయి. అప్పుడు సగటు ధర పడిపోయినట్టు కనిపిస్తుంది, నిజానికి ఏ కౌంట్ ధరా అంతగా పడి ఉండకపోవచ్చు. కౌంట్ వారీగా రాసుకోని ధర నాకు అక్కర్లేదని మా ఫీల్డ్ వాళ్లకి చెప్పేవాణ్ని. తిట్టుకునేవాళ్లు, కానీ రాసేవాళ్లు.

ఫీల్డ్ నాణ్యత చూడటానికి మహలనోబిస్ దగ్గర్నుంచి ఒక ఉపాయం అరువు తెచ్చుకోండి. నమూనాను రెండు సమాన భాగాలు చేసి, రెండు స్వతంత్ర బృందాలకి, అవే ఊళ్లలో, వేర్వేరు ఇళ్లు ఇవ్వండి. రెండింటి సగటులూ దగ్గరగా వస్తే సరే. బాగా తేడా వస్తే ఊళ్లో కాదు, మీ బృందాల్లో ఏదో ఉంది. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, రెండు జీపులు, లేదా రెండు బైకులు చాలు.

కోత ప్రయోగం (చేలో కొలిచిన చిన్న గడి కోసి దిగుబడి లెక్కగట్టడం) గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ విద్యార్థులకి నేర్పించదగ్గ మొదటి పని అదే. వరికి 5 మీటర్లు బై 5 మీటర్ల గడి. చేను నైరుతి మూల నుంచి రాండమ్ సంఖ్యల ప్రకారం అడుగులు కొలిచి ఒక బిందువు పట్టుకుని అక్కడ గడి కట్టాలి. "ఇక్కడ బాలేదండీ, అటు కట్టండి" అని రైతు అంటాడు, కదలకూడదు. తాడు మీద పడ్డ దుబ్బు లోపలిదా బయటిదా అనేదే అసలు తగాదా. 1940ల్లో మహలనోబిస్ చిన్న వృత్తాకారపు గడులు చాలన్నారు. మరో గణాంక శాస్త్రవేత్త సుఖాత్మే ఒప్పుకోలేదు. గడి చిన్నదైతే దాని వైశాల్యంతో పోలిస్తే అంచు ఎక్కువ, అంచు మీది మొక్కల్ని మనిషి తెలియకుండానే లోపలికి లాగేస్తాడు, దిగుబడి ఎక్కువ తేలుతుంది అని ప్రయోగాలతో చూపించారు. ఇద్దరూ మహామహులే, గొడవ మాత్రం తాడు పక్కనున్న దుబ్బు గురించి. మీ ఎకనామెట్రిక్స్ కుర్రాళ్లని ప్రతి కోతకీ చేలోకి దింపండి. ఎర్రర్ టర్మ్ (మోడల్‌కి అందకుండా మిగిలే తేడా) అంటే ఏమిటో అక్కడ కళ్లారా చూస్తారు.

మోడల్ వేసేవాళ్లకి రెండు కట్టుబాట్లు చాలు. ఒకటి, ఏ అంచనా వేసినా దాని పక్కన ఉత్త లెక్క ఒకటి ఉండాలి. పోయిన ఏడాది ఇదే నెల ధరే ఈ ఏడాదీ అనుకుంటే ఎంత తప్పు వస్తుంది? మీ మోడల్ దానికంటే మెరుగ్గా లేకపోతే ఆ మోడల్‌ని బయటకు తేకండి. రెండు, వేసిన ప్రతి అంచనాను తేదీతో సహా ఒక పుస్తకంలో రాయండి, తర్వాత దిద్దకండి. ఏడాది చివర తీసి చూసుకుంటే ఎవరి పద్ధతి పనిచేసిందో తెలుస్తుంది, సీనియారిటీతో పని లేకుండా.

నియమాలు మారినప్పుడు పాత సంబంధాలు పట్టుకుని వేలాడకూడదని 1976లో ఆర్థికవేత్త లూకస్ చెప్పినదాన్ని తరగతిలో అందరం చెబుతాం, పనిలో మర్చిపోతాం. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల ప్రకటన వచ్చినప్పుడు భీమవరం వైపు రొయ్య ధరలు ఎటు పోతాయో పాత సిరీస్‌లోంచి చెప్పడం కుదరదు. అలాంటి సుంకం ఆ సిరీస్‌లో ఎప్పుడూ లేదు. అప్పుడు చేయగలిగింది, సుంకం ఇంత ఉంటే, ఎగుమతిదారు ఇంత భరిస్తే, చెరువు గట్టు ధర ఇంత అని రెండు మూడు దారులు గీసి చూపించడం. దాన్ని అంచనా అని పిలవకూడదు.

మెషిన్ లెర్నింగ్ మీద నాకు కోపం ఏమీ లేదండి. వరి చేలు చెరువులుగా ఎక్కడెక్కడ మారాయి అన్నది మీ ప్రశ్న అయితే అది బంగారం లాంటి పనిముట్టు. సార్వాలో (ఖరీఫ్‌లో) మబ్బుల వల్ల మామూలు ఉపగ్రహ చిత్రాలు సరిగా రావు కానీ, సెంటినెల్-1 ఉపగ్రహం రాడార్ మబ్బుల్లోంచీ చూస్తుంది, చిత్రాలు ఉచితం. అయితే ఊడ్పులప్పుడు నీళ్లు నిలిచిన చేనూ, చెరువూ రాడార్‌కి ఒకేలా కనిపిస్తాయి. సీజన్ పొడవునా చిత్రాలు తీసుకోవాలి, కొన్ని వందల బిందువుల్ని ఎవరో నడిచి వెళ్లి చూసి రావాలి. మళ్లీ ఫీల్డే. ప్రశ్న ముందు పెట్టుకుంటే పద్ధతి దానంతట అదే ఎంపికవుతుందని నేను అంటున్నది ఇందుకే.

సరిచూడటం. ఏ పట్టికైనా బయటకు వెళ్లే ముందు, ఆ పనిలో లేని ఒకరు ముడి ఫైలు నుంచి మొదలుపెట్టి, రాసిపెట్టిన కోడ్, నోట్స్ మాత్రం చూసి అదే పట్టిక తీయాలి. చేసినవాణ్ని ఒక్క మాట కూడా అడగకూడదు. ఎక్సెల్‌లో చేత్తో దిద్దిన అంకెలు ఈ పరీక్షలో దొరికిపోతాయి. ఆర్ (గణాంకాల సాఫ్ట్‌వేర్) ఉచితం, గిట్ (కోడ్‌లో మార్పుల్ని నమోదు చేసేది) ఉచితం, వీటి కోసం డబ్బు ఖర్చు పెట్టకండి. ముడి ఫైలును ఎవరూ తాకకూడదు, డేటా మనిషి కూడా. మార్పు ఏదైనా కోడ్‌లోనే.

ఆరుగురిని ఎలా సర్దాలంటే: మీరు డైరెక్టర్, అంటే ప్రశ్న ఎంపిక, డబ్బు, తగాదాలు. డేటాకు ఒకరు. ఫీల్డ్ చూసేందుకు ఇద్దరు, వాళ్లలో ఒకరైనా డెల్టా పల్లెల్లో పెరిగినవాళ్లు అయి ఉండాలి. విశ్లేషణకి ఇద్దరు. విద్యార్థులు పై లెక్క. సోమవారం ఒక గంట కూర్చోండి, ఒక్కటే విషయం: పోయిన వారం ఏ అంకె నమ్మకంగా లేదనిపించింది? ప్రగతి నివేదికలు చదివే మీటింగులు పెడితే రెండో నెలకే అందరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు.

ఒక మినహాయింపు. మీ ఉద్దేశం ముఖ్యంగా పీహెచ్‌డీలు, జర్నల్ పేపర్లు అయితే పద్ధతుల వారీ పంపకం అంత తప్పు కాదు. గైడు ఎవరు, సబ్జెక్టు ఏది అన్నది అక్కడ ముఖ్యం. కానీ గ్రాంటు పత్రంలో "ప్రాంతీయ ఆర్థిక సమస్యలు" అని రాసుకున్నామన్నారు కదా, దానికి ఇది సరిపడదు.

బయటి డబ్బు గురించి చివరగా. సొంత అధ్యయనాలూ, ఎవరో డబ్బిచ్చి చేయించుకునేవీ వేర్వేరు ఖాతాల్లో ఉంచండి. నేను పనిచేస్తున్నప్పుడు ఒక సంస్థ నష్టం లెక్క కట్టమని వచ్చింది. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే, ఫోన్లో, నష్టం ఎంత తేలితే బాగుంటుందో చెప్పేశారు. పని వదులుకున్నాం. ఇంకొకరు చేశారు, ఆ అంకె పేపర్లో కూడా వచ్చింది. చిన్న ఊళ్లో చిన్న కేంద్రానికి ఈ ఒత్తిడి పెద్ద కేంద్రాల కంటే ఎక్కువ ఉంటుంది, అడిగేవాళ్లంతా తెలిసినవాళ్లే కాబట్టి. ఫలితం ఏదైనా ప్రచురించే హక్కు కేంద్రానిదే అన్న వాక్యం ప్రతి ఒప్పందంలో పెట్టండి. ఆ వాక్యం చూసి వెళ్లిపోయేవాళ్లని వెళ్లనివ్వండి.

మీ గ్రాంటు బడ్జెట్ ఇంకా తుది రూపానికి రాలేదన్నారు. కంప్యూటర్లకి పెట్టిన దాంట్లో సగం తీసి ఫీల్డ్ ప్రయాణ ఖర్చుల పద్దులో వేయించుకోండి, రెండు సార్వాలు, రెండు దాళ్వాలు దాటేలా. ఒకసారి మంజూరయ్యాక పద్దులు మార్చాలంటే ఏడాది తిరగాలి.